నాలుగు నిమిషాల్లో పలికిన ‘కస్టమర్ కేర్’

విజయనగరం గంటస్తంభం దగ్గర మా బావమరిదికి సెల్‌ఫోన్ విడిభాగాల దుకాణం ఉంది. అనుమానాస్పద లావాదేవీలపై కన్నేసి ఉంచే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఫైనాన్షియల్ ఇంటెలిజెన్స్ యూనిట్ దగ్గర నమోదైన ఒక క్రిప్టో ఎక్స్ఛేంజిలో అతడు రెండేళ్లుగా నెలకింత అని పెడుతూ వచ్చాడు. ఈమధ్య కొంత అమ్మి 40,000 రూపాయలు బ్యాంకుకు మార్చుకోబోతే, ఆ లావాదేవీ రెండు రోజులపాటు ‘ప్రాసెసింగ్’ దగ్గరే ఆగిపోయింది. యాప్‌లో ఫిర్యాదు చేస్తే టికెట్ నంబరు వచ్చింది గాని జవాబు రాలేదు. విసుగెత్తి ఒక రాత్రి పదకొండున్నరకు, ఆ ఎక్స్ఛేంజి పేరుతో నడుస్తున్న టెలిగ్రామ్ గ్రూపులో తన గోడు రాసుకున్నాడు. ఆ గోడు విని పలికిన ‘సహాయ కేంద్రం’ అందించిన సేవల మీదే ఈ సమీక్ష.

ముందుగా వారి గొప్ప చెప్పాలి. నాలుగు నిమిషాల్లో జవాబిచ్చారు. లోగో అదే, పలకరింపులో మర్యాద అదే, టికెట్ నంబరు అడిగి రాసుకున్న తీరు కూడా అదే. ఇంగ్లీషులో ఇబ్బంది పడుతున్నాడని గ్రహించి వెంటనే ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాయడం మొదలుపెట్టారు. “ఏటి బావా, అసలు కంపెనీ కంటే వీళ్లే నయం గదా” అని మర్నాడు నాతో అన్నాడు. నిజమే, నయమే. ఏ ఎక్స్ఛేంజి ఉద్యోగీ అర్ధరాత్రి వేళ ఖాతాదారుడిని వెతుక్కుంటూ వచ్చి విడిగా సందేశం పెట్టడు. అంత శ్రద్ధ కనిపించిన చోటే అనుమానించి ఉండవలసింది.

ఆ ఖాతాను నేను తీరిగ్గా పరిశీలించాను. టెలిగ్రామ్‌లో పేరు, బొమ్మ ఎవరైనా ఎలాగైనా పెట్టుకోవచ్చు. ఏ ఇద్దరికీ ఒకేలా ఉండనిది యూజర్‌నేమ్ ఒక్కటే. ఈ మహానుభావుడు యూజర్‌నేమ్ గడిని ఖాళీగా వదిలేసి, దాని పక్కనే ఉండే బయో గడిలో అసలు అడ్మిన్ యూజర్‌నేమ్‌ను అక్షరం పొల్లుపోకుండా రాసుకున్నాడు. హడావుడిలో ఉన్న కంటికి ఈ రెండు గడుల తేడా తెలియదు. ఇంకొందరు ఇంగ్లీషు పెద్ద ‘ఐ’ స్థానంలో చిన్న ‘ఎల్’ పెట్టి అదే పని సాధిస్తారు. గ్రూపులో అసలు అడ్మిన్ రాస్తే పేరు పక్కన ‘అడ్మిన్’ అనే గుర్తు కనిపిస్తుంది. విడిగా వచ్చిన సందేశంలో అలాంటి గుర్తేదీ ఉండదు. అసలు ఆ గ్రూపే నిజమైనదా అన్న సంగతి తేల్చుకోవాలంటే టెలిగ్రామ్‌లో వెతకకూడదు. ఎక్స్ఛేంజి వెబ్‌సైట్‌కు వెళ్లి, అక్కడ ఇచ్చిన లింకు గుండా లోపలికి రావాలి.

ఇక రుసుముల విషయం. సొమ్ము విడుదల కావాలంటే ముందుగా 12,000 రూపాయలు పన్ను కట్టాలన్నారు. క్రిప్టో అమ్మకంపై 2022 జూలై 1 నుంచి ఒక శాతం టీడీఎస్ ఉన్న మాట వాస్తవమే. అయితే 40,000కు ఒక శాతం 400 రూపాయలు. దానిని కూడా ఎక్స్ఛేంజి అమ్మకం సమయంలోనే తనంతట తాను మినహాయించుకుంటుంది. లాభంపై 30 శాతం పన్నును మనమే ఆదాయపు పన్ను శాఖకు చెల్లిస్తాం. ఒక వ్యక్తి పేరు మీదున్న యూపీఐ ఐడీకి పన్ను కట్టమనే పద్ధతి ఈ దేశంలో ఎక్కడా లేదు. నెలవారీ జీఎస్టీ లెక్కలను తానే చూసుకునే మనిషికి ఆ రాత్రి ఈ సంగతి తట్టకపోవడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. 40,000 పోతుందన్న భయంలో 12,000 చిన్నదిగా కనిపించిందట.

డబ్బు అందిన తర్వాత సేవ మరింత చురుకైంది. ‘వాలెట్ ధ్రువీకరణ’ అని చెప్పి ఎక్స్ఛేంజితో సంబంధం లేకుండా క్రిప్టో దాచుకునే అతడి సొంత వాలెట్‌కు చెందిన పన్నెండు రహస్య పదాలను అడిగారు, ఇచ్చాడు. ఆ పదాలు వాలెట్‌కు తాళంచెవి వంటివి కావు, అవే వాలెట్. అవి ఎవరి చేతిలో ఉంటే సొమ్ము వారిదే. అందులో ఉన్న 80 యూఎస్‌డీటీ (డాలరు విలువకు ముడిపెట్టిన క్రిప్టో నాణెం) రెండు నిమిషాల్లో ట్రాన్ అనే క్రిప్టో నెట్‌వర్కులో ‘టీ’ అక్షరంతో మొదలయ్యే ఒక చిరునామాకు వెళ్లిపోయింది.

అప్పుడు నాకు ఫోను చేశాడు. వెంటనే సైబర్ మోసాల సహాయ నంబరు 1930కి ఫోను చేయించాను. యూపీఐ లావాదేవీ సంఖ్య, సమయం, మొత్తం, అవతలివారి ఐడీ అడిగి ఓపిగ్గా నమోదు చేసుకున్నారు. మిగిలిన వివరాలను, తెరచిత్రాలను జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో చేర్చాం. చాట్‌ను చెరిపేయకుండా ఉంచడం ఇక్కడ పనికివచ్చింది. 12,000లో 7,300 అవతలి బ్యాంకు ఖాతాలో ఇంకా ఉండగానే నిలిపివేశారు. యూఎస్‌డీటీ సంగతి వేరు: క్రిప్టో లావాదేవీలు నమోదయ్యే బ్లాక్‌చెయిన్‌ అనే చిట్టాలో ఒకసారి ఖరారైన బదిలీని వెనక్కి రప్పించే బ్యాంకు ఏదీ లేదు.

మూడో రోజున వాట్సాప్‌లో పోలీసు చిహ్నంతో మరొకరు వచ్చి, 5,000 కడితే మొత్తం తిరిగి ఇప్పిస్తామన్నారు. మోసపోయినవారి జాబితా కూడా వీళ్ల మధ్య అమ్ముడవుతుందేమో అని నా అనుమానం. ఫిర్యాదుకు గాని, సొమ్ము రాబట్టడానికి గాని పోలీసులు రుసుము తీసుకోరు కనుక ఆ నంబరును కేంద్ర టెలికాం శాఖ పోర్టల్ సంచార్ సాథీలోని ‘చక్షు’ విభాగంలో తెలియజేసి బ్లాక్ చేశాం. ఆ తర్వాత టెలిగ్రామ్, వాట్సాప్ రెండింటిలోనూ తెలిసినవారు తప్ప మరెవరూ గ్రూపుల్లో చేర్చకుండా ప్రైవసీ సెట్టింగులు మార్చాను. రెండూ కలిపి మూడు నిమిషాల పని.

అసలు ఎక్స్ఛేంజి అయిదో రోజున ఈమెయిల్ పంపింది: విలీనం తర్వాత బ్యాంకు శాఖ ఐఎఫ్ఎస్‌సీ కోడ్ మారిందని, యాప్‌లో సరిచేసుకోవాలని. నింపాదిగా, పొడిగా రాసిన నాలుగు వాక్యాలు. సరిచేసిన మర్నాడు 40,000 ఖాతాలో పడ్డాయి.