సోమశిల నీళ్లలో దిగాలంటే: ఏ నెల, ఏ ఒడ్డు, ఎక్కడ బస

నీళ్లు చల్లగా ఉంటాయా అన్నది పెన్న నది మీది సోమశిల జలాశయానికి బయల్దేరే ప్రతివాళ్లూ అడిగే మాట. చలికి భయపడి నీళ్లకు దూరంగా ఉండాల్సిన నెల నెల్లూరు జిల్లాలో లేదు. పైనీరు జనవరి తెల్లవారుజామున 24 డిగ్రీలకు అటూఇటూగా ఉంటుంది. మార్చికి 27-28 అవుతుంది, మే మధ్యాహ్నాల్లో 31-32 దాకా పోతుంది. ప్రాణం తీసేవి వేరే ఉన్నాయి: లోతు, ఒండ్రు, ముళ్లకంప, గేట్లు. అందుకే డిగ్రీల కంటే ముందు నీటిమట్టం చూసుకోవాలి.

సోమశిల పూర్తి మట్టం 330 అడుగులు, నిల్వ సుమారు 78 టీఎంసీలు. కృష్ణా, గోదావరి వైపు నుంచి వచ్చేవాళ్లు ఆగస్టు అంటే నిండు జలాశయం అనుకుంటారు. కానీ ఈ జిల్లాకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కురుస్తాయి, పెన్నకు వరద కూడా ఎక్కువగా అప్పుడే వస్తుంది. కాలువల మీదుగా శ్రీశైలం నీళ్లు ముందుగా అందిన ఏడాది మట్టం కొంత ముందే లేస్తుంది. వరద నెలల్లో నీళ్లు ఎర్రగా, బురదగా ఉంటాయి. అడుగు కనపడదు, మట్టం రాత్రికి రాత్రే మారుతుంది. 2021 నవంబరులో పెన్నకు వచ్చిన వరద ఈ నదికి ఎంత బలముందో చూపించింది. సంక్రాంతి దాటాక మట్టి దిగి నీరు తేటపడుతుంది. జనవరి చివరి నుంచి మార్చి మధ్య దాకా, అదీ ఉదయం తొమ్మిది నుంచి పదకొండులోపు దిగడమే మేలు. ఎండ తీవ్రంగా ఉండదు, గాలి లేవదు, ఒడ్డు గట్టిగా ఉంటుంది.

ఏప్రిల్ నుంచి నీళ్లు వెనక్కి పోతాయి. బయటపడిన నేల పైకి పెచ్చులు కట్టి ఎండినట్టే ఉంటుంది, అడుగేస్తే మోకాలి దాకా దిగబడుతుంది. అలా దిగబడినప్పుడు కాలు గుంజితే ఇంకా లోపలికి పోతుంది. వెనక్కి కూర్చుని బరువంతా నడుం మీదికి తెచ్చుకుని, కాలిని అటూ ఇటూ కదుపుతూ మెల్లగా బయటికి తీయాలి. ఆ నేలలోనే చిల్లకంప అనే ముళ్లచెట్టు మొలుస్తుంది. మళ్లీ నీళ్లొచ్చినప్పుడు ఆ కంప మునిగి కనపడకుండా పోతుంది. ఉత్త కాళ్లతో దిగితే ముల్లు పాదంలో విరిగి లోపలే ఉండిపోతుంది. వెనక పట్టీ ఉన్న రబ్బరు చెప్పులు తప్పనిసరి, హవాయి చెప్పులు బురదలోనే మిగిలిపోతాయి. చేపల వలలు కూడా నీటి అడుగునే ఉంటాయి. వరసగా తేలే బెండ్లో, ఖాళీ సీసాలో కనిపిస్తే వాటి దగ్గరికి ఈదకూడదు.

వేసవిలో పైన వేడినీళ్లు, కింద చల్లనీళ్లు పొరలుగా విడిపోతాయి. వేడి ప్రాంతాల జలాశయాల్లో ఈ పొరలు ఊరికే కలవవు. 28 డిగ్రీల నీటికీ 30 డిగ్రీల నీటికీ బరువులో ఉండే తేడా, 5కూ 7కూ మధ్య ఉండే తేడాకు సుమారు తొమ్మిది రెట్లు. అందుకే నడుం దాకా వెచ్చగా ఉండి పాదాలకు చల్లగా తగులుతుంది. మునకేసినవాళ్లకు ఆ చల్లదనం ఒక్కసారిగా తగిలి ఊపిరి ఎగదన్నుకొస్తుంది, కొందరికి పిక్క పట్టేస్తుంది. ముందు మెడ, ఛాతీ తడుపుకుని ఒక నిమిషం ఆగి దిగితే ఆ ఇబ్బంది తగ్గుతుంది.

నీటి వేడి, తేటదనం కొలవడానికి పెద్ద పరికరాలేమీ అక్కర్లేదు. రొయ్యల చెరువులకు సామాను అమ్మే ఆక్వా దుకాణాలు నెల్లూరు చుట్టూ చాలా ఉన్నాయి. నీటి థర్మామీటరు, తేటదనం చూసే నలుపు తెలుపుల బిళ్ల అక్కడే దొరుకుతాయి. తాడుకు మీటరుకొక ముడి వేసి, చివర రాయి, దానిపైన బిరడా పెట్టిన సీసా కట్టాలి. బిరడాకు వేరే దారం ఉండాలి. కావలసిన లోతుకు దింపి దారం లాగితే సీసా నిండుతుంది. రెండు నిమిషాలు ఆగి పైకి తీసి వెంటనే థర్మామీటరు పెట్టి చూడాలి, ఆలస్యమైతే ఎండకు అంకె మారిపోతుంది. బిళ్ల మీటరు లోతులో కూడా కనపడకపోతే పిల్లకాయలను దించొద్దు: మునిగిన మనిషి పైనుంచి కనపడడు.

డ్యాం కింద, గేట్ల ముందు దిగే ఆలోచనే వద్దు. నీళ్లు వదిలితే పైన వాన లేకపోయినా మట్టం నిమిషాల్లో పెరుగుతుంది. జొన్నవాడ, సంగం వైపు పెన్న అందంగా, లోతు లేనట్టు కనిపిస్తుంది కానీ ఇసుక తీసిన గుంతలు ఉంటాయి. మోకాలి లోతులో నడుస్తుంటే తర్వాతి అడుగు రెండు నిలువుల లోతులో పడుతుంది. ఘాటు మెట్ల మీద గొలుసు పట్టుకుని చేసే స్నానం చాలు. కండలేరు చూడటానికి వెళ్లాలి, దాదాపు 11 కిలోమీటర్ల మట్టికట్ట మీద సాయంత్రం చాలా బాగుంటుంది. అది చెన్నైకి తాగునీరు పంపే జలాశయం, ఈతకు కాదు. ప్రకాశం వైపు మల్లవరం దగ్గర గుండ్లకమ్మ జలాశయంలో 2022లో ఒక గేటు, 2023 డిసెంబరు తుపానులో ఇంకొకటి కొట్టుకుపోయాయి. అక్కడా గేట్లకు దూరంగా ఉండాలి. కంభం చెరువు కట్ట మీద నుంచి చూసి తీరాల్సిన చోటు. 2020లో అంతర్జాతీయ సాగునీటి వారసత్వ గుర్తింపు దానికి దక్కింది. వానలు తప్పిన ఏళ్లలో నీళ్లు బాగా తగ్గిపోతాయి కాబట్టి ఈత కోసమని అంత దూరం పోవద్దు.

దారి సులువే. నెల్లూరు నుంచి బొంబాయి రోడ్డు మీద సంగం, ఆత్మకూరు దాటాలి, అక్కడ హైవే వదిలి అనంతసాగరం మీదుగా వెళ్లాలి. మొత్తం 80 కిలోమీటర్లు అనుకోవచ్చు. బస్సులో వెళితే దిగగానే తిరుగు బస్సు వేళ అడిగి పెట్టుకోవాలి. సోమశిలలో బస మీద ఆశ పెట్టుకోవద్దు, జలవనరుల శాఖ అతిథి గృహాలకు ముందే అనుమతి కావాలి. ఆత్మకూరు లాడ్జీలు ఒక రాత్రికి సరిపోతాయి. ఇంటిల్లిపాదీ వెళితే మాత్రం నెల్లూరులో దిగి పొద్దున్నే బయల్దేరడం మంచిది, తడిసిన బట్టలు మార్చుకోవడానికి జలాశయం ఒడ్డున చాటు కూడా ఉండదు. పుట్టి ఎక్కాలనిపిస్తే లైఫ్ జాకెట్ అడగండి, లేకపోతే ఎక్కకండి. ఇంటి నుంచి ఇరవై మీటర్ల తాడు, ఐదు లీటర్ల ఖాళీ క్యాను తీసుకెళ్లండి. క్యానులో గ్లాసెడు నీళ్లు పోసి మూత బిగిస్తే విసిరినప్పుడు గాలికి పోదు. ఎవరైనా మునుగుతుంటే దూకకుండా దాన్నే విసరాలి.

ఈతే ముఖ్యమైతే మైపాడు వెళ్లండి, నెల్లూరుకు 22 కిలోమీటర్లు, పర్యాటక శాఖ బస కూడా ఉంది. సముద్రం జనవరిలో 26, మేలో 30 డిగ్రీల దగ్గర ఉంటుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా చేపల వేట నిషేధం, మరపడవలు కడలిలోకి పోవు. ఆ రెండు నెలల్లో అలలు లోపలికి లాగితే చేయందించే పడవ దగ్గర్లో ఉండకపోవచ్చు కాబట్టి నడుం లోతు దాటొద్దు.