శ్రీశైలం నడకదారికి ఏ లైటు: 749 రూపాయలది గెలిచింది, 1,250ది ముంచింది

శ్రీశైలానికి నడిచి వెళ్ళేవాళ్ళు చెప్పుల గురించి, మోకాలి పట్టీల గురించి, గ్లూకోజ్ పొట్లాల గురించి గంటలు గంటలు మాట్లాడుకుంటారు. లైటు సంగతి వచ్చేసరికి "ఫోన్‌లో ఉంది కదా" అని తేల్చేస్తారు. ఈసారి శివరాత్రికి వెంకటాపురం మీదుగా నల్లమల దాటి వచ్చాక నాకు ముందుగా రాయాలనిపించింది ఆ లైటు గురించే. మా నలుగురిలో నేనూ మా ఆవిడా చెరొక 749 రూపాయల హెడ్‌ల్యాంప్‌తో, అంటే తలకు కట్టుకునే లైటుతో, హాయిగా నడిచాం. మా బావమరిది 1,250 పెట్టి మోసపోయాడు. అమ్మినవాడి మీద కోపం నాకు ఇంకా తగ్గలేదు.

ఈ దారికి లైటు ఎందుకంత ముఖ్యమంటే, శివరాత్రి వచ్చేది మాఘ బహుళ చతుర్దశికి. ఉగాది అమావాస్య వెళ్ళిన మర్నాడు. జనం ఈ అడవిలో నడిచేది ఈ రెండు పండగలకే, రెండింటికీ చంద్రుడి సాయం ఉండదు. వచ్చినా ఏ తెల్లవారుజామునో సన్నగా వస్తాడు. పగలు నడుద్దామంటే ఎండ మాడుస్తుంది, నీళ్ళు దొరికే చోట్లు తక్కువ. అందుకే చాలామంది పొద్దు వాలాక కొంత, తెల్లవారకముందు కొంత నడుస్తారు. ఇది నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యం. ఎలుగుబంట్లు, చిరుతలు ఉన్న చోటు. ఫోన్ లైటు పట్టుకుంటే ఒక చెయ్యి దానికే పోతుంది, రెండో చేతిలో కర్ర, ఇక పట్టు తప్పితే పట్టుకోవడానికి చెయ్యి ఉండదు. పైగా ఫోన్ ఛార్జింగ్ అయిపోతే ఇంటికి కబురు చెప్పే దారి కూడా పోయినట్టే.

ఆత్మకూరు దాకా బస్సు, అక్కడి నుంచి వెంకటాపురం, ఏ ఇబ్బందీ లేదు. గేటు దగ్గర అటవీ శాఖ వాళ్ళు సంచులు చూసి, గుంపు విడిచి పోవద్దని మర్యాదగానే చెప్పి పంపారు. నాగలూటి వీరభద్రస్వామి గుడి దగ్గర అన్నదానంలో పెట్టిన పులిహోర, పప్పు ఎంత బాగున్నాయంటే మాతో వచ్చిన చిన్నాన్న రెండోసారి వరుసలో నిలబడ్డారు.

ఇక లైట్ల సంగతి. మా ఇద్దరివి ఒకే రకం. మా వీధి కిరాణా కొట్లో కాటా మీద పెడితే సెల్లులతో కలిపి 82 గ్రాములు తూగింది. రిమోట్‌లో వేసే సన్న సెల్లులు మూడు పడతాయి. ఒకే బటన్: ఎక్కువ వెలుగు, మధ్యరకం, తక్కువ, తర్వాత ఎరుపు, ఎరుపు మిణుకు. డబ్బా మీద 200 ల్యూమెన్లు (లైటు ఇచ్చే వెలుగుకి కొలత) అని రాశారు. పెద్ద అంకె కాదు కాబట్టే నాకు నమ్మకం కలిగింది.

బావమరిది కోఠీలో ఒక కొట్లో కొన్నది చూడటానికి గంభీరంగా ఉంటుంది. ముందు ఇనుప గొట్టం లాంటి జూమ్ లైటు, వెనక బ్యాటరీ పెట్టె, మూడు పట్టీలు. డబ్బా మీద "5000 ల్యూమెన్లు", "1000 మీటర్లు". లోపలి బ్యాటరీ మీద 9900 ఎంఏహెచ్ అని అచ్చు, అంటే అది పట్టే ఛార్జింగ్ కొలత. అబద్ధం అక్కడే దొరికిపోయింది. అది 18650 అనే రకం సెల్లు, అంటే 18 మిల్లీమీటర్ల మందం, 65 మిల్లీమీటర్ల పొడవు. ఆ సైజు సెల్లులో మంచి కంపెనీల వాళ్ళు పట్టించేది 3500 ఎంఏహెచ్ దరిదాపుల్లోనే. 9900 ఉండటం కుదరదు. నేను ఆ మాట అంటే, "లేదు బావా, కొట్టువాడు నా ముందే వెలిగించి చూపించాడు, ఎదురు బిల్డింగ్ మీద పడింది" అన్నాడు. కొట్లో అర నిమిషం వెలిగితే ఏ లైటైనా బాగానే ఉంటుంది.

మొదటి రాత్రే సంగతి తేలిపోయింది. నాగలూటి దాటాక జనం ముందూ వెనకా గుంపులుగా నడుస్తుంటే దుమ్ము లేచింది. పెద్ద లైటు వెలుగు ఆ దుమ్ము మీద పడి తిరిగి వాడి కళ్ళలోకే కొట్టింది. మంచులో కారు హెడ్‌లైట్లు ఎక్కువ పెడితే దారి కనపడదు కదా, అదే సంగతి. తల మీది లైటు కళ్ళ పక్కనే ఉంటుంది కాబట్టి ఆ బాధ ఇంకా ఎక్కువ. మేం తక్కువ వెలుగులో పెట్టుకుని నడిచాం, నాలుగడుగుల ముందు నేల చక్కగా కనిపించింది. అడవి దారిలో కావలసింది ఆ నాలుగడుగులే. వాడి లైటు వేసే వెలుగు పళ్ళెమంత గుండ్రంగా ఒక్క చోటే పడుతుంది, పక్కన అంతా చీకటి. తలకాయ తిప్పినప్పుడల్లా వెనక పెట్టె బరువుకి పట్టీ జారింది. రెండు గంటలు తిరక్కముందే మెడ నొప్పి అన్నాడు, మూడో గంటకు లైటు మసకబడి ఆరిపోయింది. ఛార్జింగ్ కూడా మామూలు ఫోన్ కేబుల్‌తో కాదు, సన్న పిన్ను ఛార్జర్ కావాలి. అడవిలో అదెక్కడ దొరుకుతుంది?

అంతకన్నా తలనొప్పి దాని బటన్. ఫుల్లు, సగం, తర్వాత కళ్ళు జిగేల్‌మనే మిణుకు, ఆ తర్వాతే ఆఫ్. అంటే ఆర్పాలంటే ప్రతిసారీ ఆ మిణుకు దాటాలి. నడవలేక ఒకచోట పడుకున్న ముసలివాళ్ళ పక్కగా పోతూ ఆర్పబోతే వాళ్ళ మొహాల మీద మిణుకు పడింది. ఒక పెద్దాయన లేచి గట్టిగా తిట్టారు. మా ఆవిడకి తమ్ముడి మీద కోపం, వాడికి కొట్టువాడి మీద కోపం, పెచ్చెరువు దాకా ఇద్దరూ మాట్లాడుకోలేదు.

పెచ్చెరువు చెంచుగూడెం దగ్గర టార్పాలిన్ పరిచిన పందిట్లో పడుకోవడానికి మనిషికి 30 రూపాయలు తీసుకున్నారు. దుప్పటి కావాలంటే ఇంకో 20. నేను ఈ యాత్రలో డబ్బులిచ్చి సంతోషపడిన చోటు ఇదే. శుభ్రంగా ఊడ్చారు, కుండలో నీళ్ళు పెట్టారు, పొయ్యి మీద టీ ఇచ్చారు. అక్కడ ఎరుపు లైటు విలువ తెలిసింది. చీకటికి మన కళ్ళు పూర్తిగా అలవాటు పడటానికి ఇరవై, ముప్ఫై నిమిషాలు పడుతుంది. తెల్ల లైటు ఒక్కసారి కంట్లో పడితే ఆ అలవాటంతా పోతుంది. చీకట్లో చూడటానికి పనికొచ్చే కంటి కణాలకు ఎరుపు వెలుగు దాదాపు తగలదు కాబట్టి ఎరుపులో అంత నష్టం లేదు. పురుగులు కూడా తెల్ల లైటుకి వచ్చినంతగా రావు. సంచిలో మాత్రలు వెతుక్కోవడానికి, పక్కవాళ్ళ నిద్ర చెడకుండా లేచి వెళ్ళడానికి అంతకన్నా మంచిది లేదు. కానీ ఎరుపు పెట్టుకుని మాత్రం నడవకండి. వేరుకీ పాముకీ తేడా తెలియదు, కాలికి రక్తం కారినా కనపడదు.

ఇంకో మాట చిన్నాన్న దగ్గర నేర్చుకున్నాను. ఆయన అరవై దాటినవారు, పాత చేతి టార్చి తప్ప ఇంకోటి ముట్టరు. భీముని కొలను లోయలోకి రాతి మెట్లు దిగేటప్పుడు మాకన్నా చకచకా దిగారు. ఈ మెట్లు రెడ్డిరాజుల కాలం నాటివని చెబుతారు, శ్రీశైలానికి మెట్లు కట్టించిన ఘనత ప్రోలయ వేమారెడ్డిది. శతాబ్దాలుగా లక్షల పాదాలు పడి కొన్ని నున్నగా అరిగాయి, కొన్ని ఒరిగాయి. "రేయ్, నెత్తిమీద లైటు పెడితే మెట్టు నీడ పడదురా, నడుము దగ్గర పెట్టి చూడు" అన్నారు. హెడ్‌ల్యాంప్ తీసి నడుముకి కట్టుకున్నాను. ఒక్కసారిగా మెట్ల అంచులన్నీ తేలి కనిపించాయి. కంటి పక్క నుంచి వెలుగు పడితే నీడలు వస్తువుల వెనకే దాక్కుంటాయి, ఎత్తుపల్లాలు చదునుగా కనిపిస్తాయి. కిందనుంచి ఏటవాలుగా పడితే ప్రతి రాయికీ నీడ సాగుతుంది. 82 గ్రాముల లైటు కాబట్టి నడుముకి కట్టుకుంటే ఉన్నట్టే తెలియలేదు. వాడి పెట్టె లైటుతో ఈ పని కుదరదు.

మరి తల మీద ఎందుకంటే, జంతువుల కళ్ళ కోసం. వాటి కళ్ళు వచ్చిన వెలుగును వచ్చిన దారినే వెనక్కి పంపుతాయి. లైటు మన కంటి పక్కనే ఉంటేనే ఆ మెరుపు బాగా కనపడుతుంది. మఠం బావి దగ్గర గడ్డిలో చిన్న చిన్న చుక్కలు పచ్చగా మెరిశాయి. మా ఆవిడ మంచు అనుకుంది. దగ్గరకెళ్తే సాలీళ్ళు! కొంచెం దూరంలో రెండు జతల కళ్ళు కదలకుండా మావైపే చూశాయి, ఆ ఎత్తును బట్టి దుప్పులు అన్నారు చిన్నాన్న. అలా చూసినందుకే నాకు 749 రూపాయలు తీరిపోయాయి.

మా లైట్లలో లోపాలు లేవని కాదు. ఎక్కువ వెలుగులో పెడితే పట్టుమని గంట గడవకముందే తగ్గడం తెలుస్తుంది. సెల్లు నీరసించే కొద్దీ వెలుగూ నీరసిస్తుంది, చివరిదాకా ఒకే తీరున నిలబెట్టే ఏర్పాటు ఈ ధరలో లేదు. డబ్బా మీద తక్కువ వెలుగుకి 100 గంటలని రాశారు. టార్చిలను కొలిచే ఎఫ్‌ఎల్ 1 అనే ప్రమాణం ప్రకారం ఆ గంటలు లెక్కపెట్టేది వెలుగు మొదటి దాంట్లో పదో వంతుకు పడిపోయేదాకా. డబ్బాల మీద రాసే మీటర్లు కూడా అంతే, వెలుగు నిండు పున్నమి వెన్నెలంత పలచబడే దూరం వరకు కొలుస్తారు. నడవడానికి పనికొచ్చే దూరం అందులో సగం కూడా అనుకోవద్దు. డబ్బా మీద ఐపీఎక్స్ 4 అని ఉంటే నీళ్ళు చిందినా ఫర్వాలేదని అర్థం, పాతాళగంగలో ముంచినా ఫర్వాలేదని కాదు. సెల్లులు వేసే మూత గోళ్ళతో తెరవాలంటే గోళ్ళు విరుగుతాయి, రూపాయి బిళ్ళ కావాలి.

అన్నిటికన్నా పెద్ద లోపం, బటన్‌కి లాక్ లేదు. సంచిలో దానంతటదే వెలిగిపోతుంది. విప్పి ఒక సెల్లు తిరగేసి పెట్టుకోవడమే మందు. గుడికి వెళ్ళేటప్పుడు ఇది తప్పనిసరిగా చేయండి. శివరాత్రి రాత్రి పాగాలంకరణ వేళ ఆలయంలో దీపాలన్నీ ఆర్పేస్తారు. చీరాల ప్రాంతపు నేత కుటుంబం వారు ఏడాది పొడవునా రోజుకో మూర చొప్పున నేసిన పాగాను ఆ చీకట్లో దిగంబరంగా శిఖరం నుంచి చుడతారు. అంతమంది కళ్ళు మూసుకుని పంచాక్షరి అంటుంటే మన జేబులోంచి ఎరుపు మిణుకు వెలగకూడదు.

శ్రీశైలంలో దిగిన లాడ్జి గురించి చెప్పకపోతే ఈ రాత పూర్తి కాదు. ఫోన్‌లో 2,500 అని ఒప్పుకున్న గది, వెళ్ళాక 4,000 అన్నారు. అదీ పన్నెండు గంటలకే. "పండగ సార్, ఇష్టమైతే ఉండండి" అని తాళం టేబుల్ మీద పడేశాడు. కాళ్ళు బొబ్బలెక్కి ఉన్న మనిషి అక్కడి నుంచి ఎక్కడికి పోతాడని వాడి ధీమా. బకెట్ వేడినీళ్ళు 60. రాత్రి కరెంటు పోతే జనరేటర్ లేదు. మా లైటును నీళ్ళ సీసా వెనక పెట్టి గది మొత్తానికి వెలుగు వచ్చేలా చేసుకున్నాం. మీ వాళ్ళ సత్రం ఏదైనా ఉంటే నెల ముందే రాయించుకోండి, లేకపోతే గది కోసం చూడకుండా దర్శనం చేసుకుని అదే పూట బస్సెక్కండి.

తిరిగొచ్చాక బావమరిది ఆ పెట్టె లైటు పట్టుకుని కోఠీ కొట్టుకి పోయాడు. "వాడినది వెనక్కి తీసుకోం, ఛార్జింగ్ మీకు సరిగా పెట్టడం రాలేదు" అన్నారట. బిల్లు అడిగితే అమ్మినప్పుడే ఇవ్వలేదు. మీరు ఎక్కడ కొన్నా, ఎంతకు కొన్నా బిల్లు లేకుండా కొనకండి. వేలల్లో ల్యూమెన్లు రాసిన డబ్బా ఇలాంటి తక్కువ ధరకి కనిపిస్తే చెయ్యి పెట్టకండి.

ఉగాదికి నడిచేవాళ్ళు ఎవరైనా ఈ రకం చిన్న లైటే తీసుకోండి. ఆల్కలైన్ సెల్లులే వేయండి, నాలుగు కలిపి కర్నూలులో 150కి వచ్చాయి. అవే దారి మధ్యలో ఒక బండి దగ్గర 280 చెప్పారు. మనిషికి ఆరు సెల్లులు చాలు, మూడు లైటులో, మూడు సంచిలో. అరవై దాటినవాళ్ళుంటే వాళ్ళకి అలవాటైన చేతి టార్చే ఉండనివ్వండి, బలవంతం చేయొద్దు. ఎదురుగా మనిషి వస్తుంటే మాత్రం లైటు నేలకి వంచండి.