రెండు ఐరన్‌క్లాడ్‌లు: ఏది అసలు?

అమెరికా నైరుతి ప్రాంతంలో రెండు పెంకు పురుగులకు ఐరన్‌క్లాడ్, అంటే ఇనుప కవచం తొడుక్కున్నది, అనే పేరుంది. రెండూ ఎగరలేవు, ముట్టుకుంటే చచ్చినట్టు పడుకుంటాయి. పేరు నమ్మితే బోల్తా పడతాం: ఇవి ఒకే కుటుంబం కావు.

కాలిఫోర్నియా ఓక్ చెట్ల బెరడు కింద శిలీంధ్రాలు తింటూ బతికే నోసోడెర్మా డయాబోలికం జోఫెరిడే కుటుంబానిది. పాత పుస్తకాల్లో ఫ్లోయోడెస్ అని ఉంటుంది, కంగారు పడొద్దు, పురుగు అదే. గరుకైన నల్లటి ఒళ్లు, కాలిన బెరడు ముక్కలా ఉంటుంది. రెక్కల పెంకులు రెండూ జిగ్‌సా ముక్కల్లా కలిసిపోయాయి. 2020లో నేచర్ పత్రికలో వచ్చిన పరిశోధనలో ఇది 149 న్యూటన్ల ఒత్తిడి తట్టుకుంది, అంటే తన బరువుకు దాదాపు 39,000 రెట్లు. నమూనాగా దాచుకోడానికి గుచ్చాలంటే గుండుసూది వంగిపోతుంది, ముందు డ్రిల్లు పెట్టాల్సిందే!

ఎడారిలో తిరిగే ఆస్బోలస్ వెరుకోసస్ మాత్రం టెనెబ్రియోనిడే కుటుంబానిది. బుడిపెల ఒంటిపై నీలం పూత కనిపిస్తుంది. అది ఒంట్లో తడి ఆరిపోకుండా కాపాడే మైనం. గాలిలో తేమ పెరిగితే నల్లబడుతుంది. అందుకే రంగొక్కటే చూసి తేల్చకూడదు. పాదాల ఖండాలు లెక్కపెట్టినా లాభం లేదు, రెండింటికీ 5-5-4 వరసే (ముందు, మధ్య కాళ్లకు అయిదేసి, వెనక కాళ్లకు నాలుగేసి). నేనైతే మొదట అడిగేది, ఎక్కడ దొరికింది? బెరడు కిందా, ఇసుక మీదా?