కాలేజీ స్ట్రీట్ కాఫీ హౌస్: యాజమాన్యం కార్మికులది, సంభాషణ బాబులది

కోల్‌కతాలో ప్రెసిడెన్సీ విశ్వవిద్యాలయం దగ్గర, ఆల్బర్ట్ హాల్ పై అంతస్తులో ఉన్న ఇండియన్ కాఫీ హౌస్‌కు కేవలం కాఫీ కోసం వెళ్లేవారికి నిరాశ తప్పదు. ‘ఇన్‌ఫ్యూజన్’ పేరుతో ఇచ్చే పాలులేని కాఫీ పలుచన. చిక్కటి డికాక్షన్‌కు అలవాటుపడిన మన నాలుకకు అది ఆనదు. చికెన్ కబిరాజీ మాత్రం బాగుంది. గిలకొట్టిన గుడ్డు సొనను నూనెలో జల్లెడలా పొంగించి కట్లెట్‌కు చుట్టి ఇస్తారు. చల్లారితే నూనె తేలుతుంది కనుక వేడిమీదే తినాలి. ధరలు తక్కువ, వడ్డన నిదానం, ఒక్క కప్పుతో పూటంతా కూర్చున్నా లేవమనేవారు లేరు.

1950ల చివర కాఫీ బోర్డు తన కాఫీ హౌస్‌లను మూసివేసినప్పుడు వీధిన పడిన కార్మికులు, కమ్యూనిస్టు నాయకుడు ఏ.కె. గోపాలన్ చొరవతో పలు నగరాల్లో సహకార సంఘాలు కట్టుకున్నారు. ఇక్కడి హోటల్ నేటికీ అలాంటి సంఘానిదే. అయినా ఇక్కడి బల్లల చుట్టూ చేరేది ఆచార్యులు, కవులు, విద్యార్థులు, విశ్రాంత ఉద్యోగులు. మా పక్క బల్ల దగ్గర నలుగురు పెద్దమనుషులు శ్రామికుడు ఎర్రజెండాను ఎందుకు వదిలాడని తీవ్రంగా వాదించుకుంటున్నంతసేపూ, తెల్లని దుస్తులు, కుచ్చు తలపాగాతో వచ్చిన ఉద్యోగి ట్రే పట్టుకుని పుస్తకాలు పక్కకు జరిపే వరకు నిలబడ్డాడు. “దాదా, ఇంకొక ఇన్‌ఫ్యూజన్” అన్న మాట తప్ప ఆయనను ఎవరూ ఏమీ అడగలేదు.

బెంగాల్ వామపక్షం కథ కూడా చాలావరకు ఇదేనని నా అభిప్రాయం. నాయకులు భద్రలోకులు, అంటే చదువుకున్న పైకులాల బెంగాలీ బాబులు, కావడమే లోపమనడం సరికాదు. లండన్‌లో బారిస్టరు చదివిన జ్యోతిబసు 1946లో రైల్వే కార్మికుల నియోజకవర్గం నుంచే శాసనసభకు వెళ్లారు. యూనియన్ పనిలో నిత్యం కలిసి తిరిగినంతకాలం చదువు, యాస, కులం తెచ్చిన దూరం కార్మికుడికి అడ్డు కాలేదు. 1977 నుంచి 34 ఏళ్లు సాగిన అధికారంలో ఆ రాకపోకలు తగ్గి, పార్టీ కార్యాలయం సర్కారీ కచేరీలా మారాక, అదే దూరం కొట్టొచ్చినట్లు కనిపించింది. ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో 1980లలో ఇంగ్లిషు తీసివేసినప్పుడు స్తోమత ఉన్న కుటుంబాలు పిల్లలను ప్రైవేటు బడులకు పంపుకున్నాయి. నష్టం ఎవరికి మిగిలిందో చెప్పనక్కరలేదు. దుర్గాపూజ పందిళ్ల బయట పార్టీ పుస్తకాల దుకాణాలు ఏటా వెలుస్తాయి, కాని పందిరి లోపల జరిగేదానితో తనకు పనిలేదన్నట్లు పార్టీ చాలాకాలం ఉండిపోయింది. 2006లో మంత్రి సుభాష్ చక్రవర్తి తారాపీఠ్ ఆలయంలో పూజ చేస్తే సొంత పార్టీయే తప్పుపట్టింది. పూజ చేసే కార్మికుడికి అది ఎలా వినిపించి ఉంటుందో ఈ బల్లల దగ్గర చర్చకు వచ్చినట్లు లేదు.

2014 లోక్‌సభ ఎన్నికల్లో సుమారు 30 శాతం ఉన్న వామపక్షం ఓట్లు 2019లో 7 శాతం పైచిలుకుకు పడిపోయాయి. జనపనార మిల్లుల బరాక్‌పుర్‌లో ఒకప్పుడు వరుసగా గెలిచిన సీపీఎం అప్పటికే చాలా వెనకబడగా, ఆ ఏడాది సీటు బీజేపీకి దక్కింది. దీనికి దాడుల భయం, మిల్లుల మూత, తృణమూల్‌పై కోపం వంటి కారణాలూ ఉన్నాయి. సంస్కృతి ఒక్కటే కారణమనడం కాఫీ హౌస్ వాదనే అవుతుంది.

మధ్యాహ్నం మూడుకు ముందు వెళ్తే సీటు సులభంగా దొరుకుతుంది, పకోడీ కూడా వేడిగా ఉంటుంది. తీరిక ఉంటే అక్కడి నుంచి సియాల్దా స్టేషన్‌కు నడిచి, నైహాటీ లోకల్‌లో టీటాగఢ్ దాకా వెళ్లండి. శ్రీకాకుళం వైపు నుంచి తరాల క్రితం మిల్లుపనికి వచ్చిన తెలుగు కుటుంబాలు ఆ ప్రాంతంలో ఉన్నాయి. ఓటు గురించి అక్కడి టీ దుకాణాల్లో వినిపించే మాట ఇక్కడి బల్లల దాకా రావడంలేదు.