నేల, నీళ్లు చెడితే కోర్టా, కొత్త నిబంధనలా, సూపర్‌ఫండా?

ఫ్యాక్టరీ వదిలిన విషం బోర్లలోకి దిగింది. పరీక్షలు ఎవరు చేయించాలి? శుభ్రం ఎవరు చేయాలి? ఆ డబ్బు ముందుగా ఎవరు తీయాలి? మన దేశంలో ఇన్నాళ్లూ కోర్టే దిక్కు. 2025 జులైలో కేంద్రం కలుషిత స్థలాల కోసమే ప్రత్యేకంగా నిబంధనలు తెచ్చింది. అమెరికాలో విషవ్యర్థాల స్థలాలను శుభ్రం చేయించే సూపర్‌ఫండ్ చట్టం 1980 నుంచీ ఉంది. ఈ మూడింట్లో నేను చూసేది ఒక్కటే: తగవు తేలకముందే పని మొదలవుతుందా, లేదా?

కోర్టు సంగతి పటాన్‌చెరును అడగాలి. నక్కవాగులో కలిసిన పరిశ్రమల వ్యర్థాల మీద 1990లో సుప్రీంకోర్టుకెక్కిన కేసు, 2001లో హైకోర్టుకు, 2013లో పర్యావరణ కేసులు చూసే హరిత ట్రిబ్యునల్‌కు మారి 2017లో తీర్పు దాకా వచ్చింది. కేసు అలా నడుస్తుండగానే, అక్కడి ఉమ్మడి శుద్ధి ప్లాంటు నుంచి బయటికొచ్చే నీళ్లను స్వీడన్ పరిశోధకులు పరీక్షించి 2007లో ఫలితాలు ప్రచురించారు. లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లోక్సాసిన్ అనే యాంటీబయాటిక్! ఆ మాత్ర మింగిన రోగి రక్తంలో కూడా అంత మందు ఉండదు. గుర్తుంచుకోండి, అవి శుద్ధి చేశాక వదిలిన నీళ్లు.

అలాగని కోర్టును తీసిపారేయలేం. పటాన్‌చెరు రైతులకు పరిహారం, ఊళ్లకు తాగునీళ్లు కోర్టు ఆదేశాల వల్లే వచ్చాయి. రాజస్థాన్‌లోని బిచ్ఛిడీ గ్రామాన్ని రసాయన కంపెనీలు కలుషితం చేసిన కేసులో 1996లో సుప్రీంకోర్టు, కాలుష్యం చేసినవాడే ఖర్చు భరించాలని తేల్చిచెప్పింది. కానీ ఆ కంపెనీలు కట్టాల్సిన సుమారు 37 కోట్ల సొమ్ము గొడవ 2011 దాకా సాగింది. కోర్టు సూత్రం చెప్పగలదు, జరిమానా వేయగలదు. మట్టి తవ్వించే మేస్త్రీ పని దానికి చేతకాదు.

కొత్త నిబంధనల్లో నాకు నచ్చినవి గడువులు. అనుమానం ఉన్న స్థలాల జాబితాను స్థానిక సంస్థో జిల్లా యంత్రాంగమో ఆరు నెలలకోసారి పంపాలి. కాలుష్య నియంత్రణ మండలి 90 రోజుల్లో ప్రాథమిక పరిశీలన, ఆపై మూడు నెలల్లో పూర్తి సర్వే చేయాలి. బాధ్యులెవరో తేల్చడానికీ 90 రోజులే. బాధ్యుడు దొరక్కపోతే, దొరికినా చెల్లించలేకపోతే ఖర్చు ప్రభుత్వాలు చూసుకోవాలి. ఇంతవరకు భేష్. మరి శుభ్రం చేయడం ఎన్నాళ్లలో పూర్తవ్వాలి? దానికి గడువు పెట్టలేదు. గనుల కాలుష్యం, చెత్త డంపులు మామూలుగా వీటి కిందికి రావు. పైగా, ఊళ్లో పదిమందికి ఉద్యోగాలిస్తున్న ఫ్యాక్టరీ పేరు జాబితాలో రాసే ధైర్యం పంచాయతీకి ఉంటుందా అన్నది నా అనుమానం.

ఇక సూపర్‌ఫండ్. దాని పుట్టుకకు కారణమైన లవ్ కెనాల్ న్యూయార్క్ రాష్ట్రంలో, నయాగరా ఫాల్స్ పట్టణంలో ఉంది. ఒక రసాయన కంపెనీ అక్కడ సుమారు 21,000 టన్నుల వ్యర్థాలు పూడ్చి, 1953లో ఆ స్థలాన్ని ఒక్క డాలరుకు స్కూలు బోర్డుకు అమ్మేసింది. అక్కడే బడి కట్టారు. 1978లో జనాన్ని ఖాళీ చేయించాల్సి వచ్చింది. రెండేళ్లకు వచ్చిన చట్టం తెలివంతా వరుసలో ఉంది: ముందు ఫండ్ డబ్బుతో పని మొదలు, తర్వాత బాధ్యుల నుంచి వసూలు. చట్టం రాకముందు పారబోసినా తప్పించుకోలేరు. శుభ్రం చేయమన్న ఆదేశాన్ని సరైన కారణం లేకుండా కాదంటే ఫండ్ పెట్టిన ఖర్చుకు మూడింతల దాకా జరిమానా పడొచ్చు.

దానికీ లోపాలున్నాయి. ఫండ్ నింపే పన్ను 1995లో ఆగిపోయి పాతికేళ్లు దాటాక గానీ తిరిగి రాలేదు. సూపర్‌ఫండ్ స్థలాల జాబితా నుంచి లవ్ కెనాల్ బయటపడింది 2004లో. అదీ విషాన్ని తవ్వి తీసేసి కాదు. పైన బంకమన్ను కప్పి, ఊరే నీటిని తోడి శుద్ధి చేస్తూ కాపలా కాస్తున్నారు.

అయినా నా ఓటు సూపర్‌ఫండ్‌కే. మన నిబంధనల గడువులకు అలాంటి ఫండ్ తోడైతే ఇంకా మేలు. అది వచ్చేదాకా, బోరు నీళ్లు రంగు మారిన ఊరివాళ్లు ముందు ల్యాబ్ రిపోర్టు జతచేసి కలెక్టరుకు, మండలికి అర్జీ పెట్టి, రసీదు మీద తేదీ వేయించుకోవాలి. స్థలం జాబితాకెక్కాక కూడా మండలి 90 రోజులు దాటించిందా, అప్పుడు ట్రిబ్యునల్ తలుపు తట్టొచ్చు.