డాన్‌టెక్ 55పి15 హాట్‌వైర్ ప్రోబ్: గోడ దగ్గర ఎంతవరకు నమ్మొచ్చు?

టర్బులెంట్ బౌండరీ లేయర్ (గోడను ఆనుకుని సుడులు తిరుగుతూ పారే గాలి పొర) మీద పని మొదలుపెట్టే ల్యాబ్‌కు హాట్‌వైర్ తప్పదు. వేడెక్కించిన సన్నని వైరును గాలి ఎంత చల్లబరుస్తుందో చూసి వేగం చెప్పే సాధనం ఇది. గాలి ఒత్తిడి నుంచి వేగం లెక్కకట్టే పిటాట్ ట్యూబ్ సగటు వేగం ఇస్తుంది కానీ ఒడుదుడుకులు చూపించదు. అయితే ఏ ప్రోబ్ కొనాలనే దగ్గరే చాలామంది తడబడతారు. డాన్‌టెక్ కంపెనీ ప్రోబ్‌లలో సాధారణ అవసరాలకు వాడే తిన్నటి ప్రోబ్ 55పి11. దాని బాడీ వ్యాసం 1.9 మి.మీ., వైరు సరిగ్గా ఆ బాడీ అక్షం మీదే ఉంటుంది. అంటే ప్రోబ్‌ను వంచకుండా గోడకు ఆనించినా వైరు 0.95 మి.మీ. ఎత్తులోనే ఆగిపోతుంది. 55పి15లో ప్రాంగ్‌లు (వైరును రెండు చివరలా పట్టుకునే సూదులు) వంగి ఉంటాయి కాబట్టి బాడీ పైనే ఉండిపోయి వైరు ఒక్కటే కిందికి దిగుతుంది. వైరు మాత్రం రెండింటిలోనూ ఒకటే: ప్లాటినం పూసిన టంగ్‌స్టన్, 5 మైక్రాన్ల మందం, 1.25 మి.మీ. పొడవు.

ఈ తేడా ఎంత ముఖ్యమో అంకెల్లో చూద్దాం. ట్రిప్ (ప్రవాహాన్ని టర్బులెంట్‌గా మార్చే చిన్న అడ్డు) పెట్టిన చదును పలక, అంచు నుంచి 2 మీటర్ల దూరం, 10 మీ/సె గాలి అనుకోండి. మామూలు ఐదో వంతు ఘాత సూత్రాలతో లెక్కిస్తే బౌండరీ లేయర్ మందం 44 మి.మీ., ఘర్షణ వేగం (గోడ మీది ఘర్షణను వేగం రూపంలో చెప్పే కొలత) 0.42 మీ/సె, స్నిగ్ధతా ప్రమాణం (గోడ దగ్గరి పొడవులకు కొలబద్ద) 36 మైక్రాన్లు వస్తాయి. అప్పుడు 0.95 మి.మీ. అంటే వై ప్లస్ (గోడ నుంచి ఎత్తును స్నిగ్ధతా ప్రమాణంతో భాగించిన సంఖ్య) 26. ఒడుదుడుకుల శిఖరం ఉండేది వై ప్లస్ 15 దగ్గర, అంటే గోడకు అర మిల్లీమీటరు ఎత్తులో. 55పి11ను నేరుగా పెడితే అసలు చూడాల్సినదే తప్పిపోతుంది. 55పి15తో 0.1 మి.మీ. దాకా దిగొచ్చు. గోడ పక్కన పని ఉన్నవాళ్లు ఇంకేమీ ఆలోచించకుండా వంగిన ప్రాంగ్‌ల ప్రోబే కొనాలి.

ఇక లోపం. అది తయారీలో లేదు, పొడవులో ఉంది. 1.25 మి.మీ. వైరు తన పొడవునా ఉన్న వేగాన్ని సగటు చేసి చెబుతుంది. పైన చెప్పిన ప్రవాహంలో దాని ఎల్ ప్లస్ (వైరు పొడవును స్నిగ్ధతా ప్రమాణంతో భాగించిన సంఖ్య) 35. గోడ దగ్గరి చిన్న నిర్మాణాలు దెబ్బతినకుండా ఉండాలంటే ఇది 20 లోపు ఉండటం మంచిది. హచిన్స్ బృందం 2009లో ఇచ్చిన సూత్రంలో ఈ విలువలు వేస్తే శిఖరం దగ్గర వేరియన్స్ (ఒడుదుడుకుల తీవ్రత) సుమారు 23 శాతం తగ్గి కనిపిస్తుంది. 20 మీ/సెకు వెళ్తే ఎల్ ప్లస్ 65 అవుతుంది, నష్టం దాదాపు 36 శాతం. ఎల్ ప్లస్ 20కి రావాలంటే టన్నెల్‌ను 5.5 మీ/సె దగ్గర నడపాలి. సగటు వేగానికి మాత్రం ఈ బెడద పెద్దగా లేదు. వేగం పెంచి రెనాల్డ్స్ సంఖ్య (ప్రవాహపు జడత్వానికీ స్నిగ్ధతకూ ఉన్న నిష్పత్తి) ఎక్కువ చూపించాలనే ఉబలాటం ఉన్నవాళ్లు శిఖరం కిందికి జారడాన్ని భౌతిక శాస్త్రంగా భ్రమపడే ప్రమాదం ఉంది. థీసిస్‌లో ఎల్ ప్లస్ రాయని ఒడుదుడుకుల గ్రాఫ్‌ను నమ్మనక్కర్లేదు.

వైరును పొట్టిగా చేస్తే సరిపోదా అంటే, సరిపోదు. పొడవు మందానికి కనీసం 200 రెట్లు ఉండాలి, లేకపోతే వేడి ప్రాంగ్‌ల్లోకి పోతుంది. 55పి15లో ఆ నిష్పత్తి 250, కాస్త ఊపిరి ఉంది. అర మిల్లీమీటరు వైరు కావాలంటే మందం 2.5 మైక్రాన్లకు దిగాలి. అది వేరే స్థాయి చేతిపని.

సెటప్‌లో ఎక్కువ ప్రోబ్‌లు చచ్చేది ఓవర్‌హీట్ లెక్క దగ్గర, అంటే వైరును ఎంత వేడెక్కించాలో నిర్ణయించే చోట. డబ్బా మీద సెన్సర్ నిరోధం, లీడ్‌ల నిరోధం విడివిడిగా రాసి ఉంటాయి. ఉదాహరణకు సెన్సర్ 3.5 ఓమ్‌లు, లీడ్‌లు 0.5, షార్టింగ్ ప్రోబ్ (వైరు బదులు నేరుగా కలిపేసిన డమ్మీ) పెట్టి కొలిచిన కేబుల్, సపోర్ట్ కలిపి 0.6 అనుకోండి. ఓవర్‌హీట్ నిష్పత్తి (చల్లగా ఉన్నప్పటి నిరోధం మీద ఎంత వంతు పెరగాలో చెప్పేది) 0.8 కావాలంటే 1.8తో గుణించాల్సింది సెన్సర్‌ను మాత్రమే: 6.3, దానికి 1.1 కలిపితే 7.4 ఓమ్‌లు. అప్పుడు వైరు గాలి కంటే దాదాపు 220 డిగ్రీలు వేడెక్కుతుంది. మొత్తం 4.6ను 1.8తో గుణిస్తే 8.28 వస్తుంది. వైరు ఉష్ణోగ్రత గాలి కంటే 290 డిగ్రీలు పైకి పోతుంది. గది 30 డిగ్రీలుంటే తయారీదారు పెట్టిన 300 డిగ్రీల హద్దు దాటినట్టే. వెంటనే తెగకపోవచ్చు. టంగ్‌స్టన్ మెల్లగా ఆక్సీకరణం చెంది కాలిబ్రేషన్ గంటగంటకూ జారుతుంటే కారణం ఇది కావచ్చని చాలామందికి తట్టదు.

ప్రోబ్ ఎంత త్వరగా స్పందిస్తుందో చూసే స్క్వేర్ వేవ్ పరీక్షను గరిష్ఠ వేగం దగ్గరే చేయాలి. ఈ ప్రవాహానికి 10 కిలోహెర్ట్జ్ లో-పాస్ ఫిల్టర్, సెకనుకు 20 వేల శాంపిళ్లు చాలు. ఒక్కో బిందువు దగ్గర 90 సెకన్లు కూర్చుంటే 20 వేల బౌండరీ లేయర్ మందాలంత గాలి దాటిపోతుంది. 40 బిందువులకు గంట.

ఆ గంటలో గది వేడెక్కడమే మన ఊళ్లలో అసలు తలనొప్పి. ఏసీ లేని ల్యాబ్‌లో మధ్యాహ్నం పూట ఓపెన్ సర్క్యూట్ టన్నెల్ నడిపితే గాలి ఉష్ణోగ్రత రెండు మూడు డిగ్రీలు మారడం వింతేమీ కాదు. ఒక్కో డిగ్రీకి వేగంలో సుమారు 2 శాతం తప్పు. కాబట్టి ప్రతి బిందువుకూ ఉష్ణోగ్రత నమోదు చేసి, వోల్టేజీని సరిదిద్దాలి: వైరుకూ కాలిబ్రేషన్ నాటి గాలికీ ఉన్న తేడాను, వైరుకూ ఇప్పటి గాలికీ ఉన్న తేడాతో భాగించి, వర్గమూలం తీసి, దానితో వోల్టేజీని గుణించాలి. కొలతకు ముందొకసారి, తర్వాతొకసారి కాలిబ్రేట్ చేసి రెండు వక్రాలూ కలుస్తున్నాయో లేదో చూడాలి. కలవకపోతే దుమ్మును అనుమానించాలి.

కాలిబ్రేషన్‌లో ఇంకో గోతి ఉంది. వై ప్లస్ 5 దగ్గర సగటు వేగం 2 మీ/సె మాత్రమే, ఒడుదుడుకుల్లో అంతకంటే చాలా తక్కువకు పడిపోతుంది. పిటాట్‌కు 2 మీ/సె అంటే 2.4 పాస్కల్స్, 1 మీ/సె అంటే 0.6 పాస్కల్స్. మామూలు మానోమీటర్ దీన్ని చదవలేదు. పై వేగాల్లో నాలుగో ఘాత బహుపది బాగానే అతుకుతుంది కానీ డేటా లేని కింది భాగంలో ఎటుపడితే అటు వంగుతుంది. అక్కడ కింగ్ నియమం (వోల్టేజీ వర్గాన్ని వేగం ఘాతంతో ముడిపెట్టే సూత్రం), ఘాతం 0.45 దరిదాపుల్లో, ఎంతో నయం.

గోడ ఎక్కడుందో కనుక్కోవడం ప్రోబ్ పని కాదు, మీ పని. 50 మైక్రాన్ల పొరపాటు 0.2 మి.మీ. ఎత్తులో నాలుగో వంతు తప్పు. గోడ నున్నగా ఉంటే వైరు ప్రతిబింబం కనిపిస్తుంది. పక్క నుంచి మైక్రోస్కోపుతో వైరుకూ ప్రతిబింబానికీ దూరం కొలిచి సగం చేయాలి. ట్రావర్స్‌ను (ప్రోబ్‌ను జరిపే స్క్రూ అమరికను) ఎప్పుడూ ఒకే దిశలో, గోడ నుంచి పైకి, కదపాలి, లేకపోతే స్క్రూ వెసులుబాటు కొలతలోకి వచ్చేస్తుంది. కరెంటు ఉండగా ప్రాంగ్‌లు అల్యూమినియం పలకను తాకితే ప్రోబ్‌కు నూకలు చెల్లినట్టే. వై ప్లస్ 4 లోపు వచ్చే రీడింగులను తీసేయండి. వైరు వేడి గోడలోకి పోవడం వల్ల వేగం ఎక్కువగా కనిపిస్తుంది, పర్‌స్పెక్స్ (పారదర్శక ప్లాస్టిక్) కంటే లోహం మీద మరీ ఎక్కువ.

ఘర్షణ వేగం కోసం అందరూ వెళ్లేది క్లౌసర్ చార్టుకే, అంటే కొలిచిన సగటు వేగాన్ని లాగ్ నియమానికి (గోడ దగ్గర వేగం ఎత్తు లాగరిథంతో పెరుగుతుందనే సూత్రానికి) అతికించడానికే: కప్పా 0.41, స్థిరాంకం 5.0, వై ప్లస్ 30 నుంచి 180 దాకా. పనికొస్తుంది. కానీ లాగ్ నియమం ఉందని అనుకుని ఫిట్ చేసి, అదే గ్రాఫ్ చూపించి లాగ్ నియమం నిజమైందనడం కుదరదు. శ్రీహరికోట అంతరిక్ష కేంద్రానికి ఎవరి పేరు పెట్టారో ఆ సతీశ్ ధవన్ 1950ల మొదట్లో అమెరికాలోని కాల్టెక్‌లో చేసింది దీనికి సరైన మందు. గోడలో ఒక చిన్న ముక్కను విడిగా తేలేలా పెట్టి, దాని మీద పడే ఘర్షణ బలాన్ని నేరుగా కొలిచారు. అంత సరంజామా లేకపోతే ఆయిల్ ఫిల్మ్ పద్ధతి (గోడ మీద పూసిన నూనె ఎంత త్వరగా పలచబడుతుందో చూడటం), అదీ లేకపోతే కనీసం ప్రెస్టన్ ట్యూబ్‌తో (గోడకు ఆనించిన పిటాట్‌తో) సరిచూసుకోవాలి.

ప్రవాహం వెనక్కి తిరిగే చోట, అంటే సెపరేషన్ దగ్గర, ఈ ప్రోబ్‌ను వాడొద్దు. ఒంటి వైరుకు ముందూ వెనకా తెలియదు, వెనక్కి వచ్చే గాలిని కూడా ముందుకు పోతున్నట్టే లెక్కేస్తుంది.

బడ్జెట్ కాస్త ఎక్కువుంటే 55పి05 చూడొచ్చు. వైరు 3 మి.మీ., అంచులకు బంగారు పూత, పనిచేసే భాగం మాత్రం అదే 1.25 మి.మీ. ప్రాంగ్‌లు దూరంగా ఉంటాయి కాబట్టి వాటి అడ్డు తగ్గుతుంది. పొడవు సమస్య మాత్రం అలాగే ఉంటుంది. ఏది కొన్నా ఒక్కటి కొనొద్దు, మూడు కొనండి. ప్రోబ్ పెట్టేటప్పుడు, తీసేటప్పుడు సీటీఏ (వైరును ఒకే ఉష్ణోగ్రతలో ఉంచే పరికరం) స్టాండ్‌బైలో ఉండాలి. తెగిన ప్రోబ్‌ను పారేయకండి, ప్రాంగ్‌లు నిటారుగా ఉన్నంతకాలం కొత్త వైరు వెల్డ్ చేయించుకోవచ్చు.