లెవాన్ పొడి సమీక్ష: చిక్కదనానికి కాదు, పొరకు

ద్రవాలను చిక్కబరచే జాంథన్ గమ్‌కు బదులుగా వాడదామని లెవాన్ పొడి (చక్కెర నుంచి బ్యాక్టీరియా తయారుచేసే ఫ్రక్టోజ్ గొలుసుల పదార్థం) కొంటున్నట్టయితే ఆగండి. 1 శాతం జాంథన్ ద్రావణంలో 1 శాతం పొటాషియం క్లోరైడ్ కలిపి 24 డిగ్రీల సెల్సియస్ దగ్గర కొలిస్తే చిక్కదనం 600 సెంటీపాయిజ్‌కు (చిక్కదనాన్ని కొలిచే ప్రమాణం) తగ్గకూడదన్నది ప్రమాణం. అదే మోతాదులో లెవాన్ కలిపిన నీళ్లు మామూలు నీళ్లలాగే పారతాయి. లెవాన్ అణువు ఎంత పెద్దదైనా దాని గొలుసుకు కొమ్మలు ఎక్కువ కావడంతో గుండ్రంగా ముడుచుకుంటుంది. నీళ్లను చిక్కబరచాలంటే గొలుసులు పొడుగ్గా సాగి ఒకదానిలో ఒకటి చిక్కుకోవాలి. లెవాన్ సత్తా వేరు: పల్చని పొరగా ఆరుతుంది, పట్టుగా అంటుకుంటుంది, ఎక్కువ గాఢతలో కూడా సులువుగా పోయడానికి వీలవుతుంది. ఈ పనులకైతే చాలా మంచి సరుకు. షరతు ఒక్కటే, అందులో ఉప్పు మిగలకూడదు.

ఉప్పు ఎక్కడి నుంచి వస్తుందో చూస్తే సంగతి అర్థమవుతుంది. ఉప్పునీటి సూక్ష్మజీవులతో తీసే లెవాన్‌ను ఎక్కువగా పరిశోధించింది హాలోమోనాస్ స్మిర్నెన్సిస్ అనే బ్యాక్టీరియాతో. ఇది తుర్కియేలో ఇజ్మీర్ దగ్గరి చామల్తి ఉప్పు మడుల్లో దొరికింది. దీన్ని పెంచే ద్రవంలో లీటరుకు సుమారు 137 గ్రాముల ఉప్పు, 50 గ్రాముల చక్కెర ఉంటాయి. సముద్రపు నీటికి దాదాపు నాలుగింతల ఉప్పన్నమాట. అంత ఉప్పులో మామూలు సూక్ష్మజీవులు బతకలేవు కాబట్టి వేరే సూక్ష్మజీవులు చేరే బెడద తక్కువ, స్టెరిలైజ్ చేసే ఖర్చూ తగ్గుతుంది. కణం బయటికి వదిలే లెవాన్‌సుక్రేజ్ ఎంజైమ్ చక్కెరను విడగొట్టి, ఫ్రక్టోజ్‌ను గొలుసుకు చేరుస్తుంది. మిగిలిన గ్లూకోజ్ బ్యాక్టీరియాకు తిండి. లెక్క ప్రకారం 100 గ్రాముల చక్కెర నుంచి 47 గ్రాములకు మించి లెవాన్ రాదు. అంతకంటే ఎక్కువ దిగుబడి వచ్చిందని ఎవరైనా చెబితే ఆ తూకంలో ఉప్పో, తేమో, మిగిలిపోయిన చక్కెరో ఉన్నట్టే.

కణాలను తీసేశాక ద్రవంలో చల్లని ఇథనాల్ పోస్తే లెవాన్ తెల్లగా విరిగి అడుగుకు దిగుతుంది. ఉప్పుకు కూడా ఇథనాల్‌లో కరిగే గుణం తక్కువే. అందుకే ఇథనాల్ పాలు పెంచేకొద్దీ ఉప్పూ లెవాన్‌తో పాటే దిగుతుంది. పైగా తడి ముద్దలో చిక్కుకున్న ఉప్పునీరు అక్కడే ఆరిపోతుంది. ఒకసారి అవక్షేపించి ఆరబెట్టి అమ్మిన పొడిని నమ్మకూడదనడానికి కారణం ఇదే.

సరుకు చేతికి రాగానే చేయాల్సిన పరీక్షకు అయిదు నిమిషాలు చాలు. 1 గ్రాము పొడిని 100 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్‌లో కరిగించి కండక్టివిటీ మీటరు (ద్రావణం విద్యుత్తును ఎంత ప్రవహింపనిస్తుందో కొలిచేది) పెట్టండి. 25 డిగ్రీల దగ్గర సెంటీమీటరుకు 1 మిల్లీసీమెన్స్ చూపిస్తే పొడిలో దాదాపు 5 శాతం ఉప్పున్నట్టు లెక్క. మీటరు లేకపోతే కొంచెం ద్రావణం తీసుకుని రెండు చుక్కల సజల నైట్రిక్ ఆమ్లం, ఆ తర్వాత రెండు మూడు చుక్కల సిల్వర్ నైట్రేట్ వేయండి. లేత మసక వస్తే పర్వాలేదు. పెరుగు విరిగినట్టు తెల్లటి తరకలు కడితే ఆ సరుకును శుద్ధి చేయక తప్పదు. ఉప్పు మిగిలితే ఏమవుతుందంటే, ఆరిన పొర మీద తెల్లటి చుక్కలు లేస్తాయి. భూతద్దంలో చూస్తే అవి చదరపు స్ఫటికాలు. అలాంటి లెవాన్‌ను కార్బోమర్ (సౌందర్య సాధనాల్లో వాడే కృత్రిమ చిక్కదనకారి) జెల్‌లో కలిపితే జెల్ ఒక్కసారిగా పల్చబడిపోతుంది. లెవాన్‌కూ కార్బోమర్‌కూ పొసగదనుకుంటారు గానీ, జెల్‌ను చెడగొట్టేది ఉప్పు.

శుద్ధికి 12 నుంచి 14 కిలోడాల్టన్ల (అణువు బరువు కొలత) డయాలిసిస్ సంచి సరిపోతుంది; అంతకంటే చిన్న అణువులు, ఉప్పు దాని సన్నని రంధ్రాల గుండా బయటికి పోతాయి, పెద్దవి లోపలే ఉంటాయి. సంచిని సగం వరకే నింపండి. లోపల ఉప్పు, బయట మంచినీళ్లు ఉంటాయి కాబట్టి నీరు జోరుగా లోపలికి వచ్చి సంచి బిర్రుగా ఉబ్బుతుంది, నిండా నింపింది పగిలిపోతుంది. 4 డిగ్రీల చలిలో, ఒకటి రెండు రోజుల పాటు నాలుగైదు సార్లు నీళ్లు మార్చాలి. బయటి నీటిలో సిల్వర్ నైట్రేట్ మసక రానప్పుడు ఆపండి. ఉప్పు పోయాక లెవాన్ సూక్ష్మజీవులకు మంచి మేత అవుతుంది. అప్పటిదాకా కాపాడింది ఆ ఉప్పే కదా. శుద్ధి చేసిన ద్రావణాన్ని బయట ఉంచకుండా వెంటనే ఆరబెట్టండి, లేదా ప్రిజర్వేటివ్ కలపండి.

అసలు అది లెవానేనా అన్నది తేల్చుకోవాలి. అయోడిన్ వేస్తే నీలం రంగు వచ్చిందంటే పిండి కలిపారని అర్థం. ఫ్రక్టోజ్‌ను గుర్తించే సెలివనాఫ్ పరీక్షలో చెర్రీ ఎరుపు రావాలి. కానీ ఇన్యులిన్‌కూ (మొక్కల్లో ఉండే ఫ్రక్టోజ్ గొలుసు), మామూలు చక్కెరకూ అదే ఎరుపు వస్తుంది. చక్కెరను పట్టుకోవాలంటే పొడిని 80 శాతం ఇథనాల్‌తో బాగా కుదిపి వడకట్టి, వడిసిన ద్రవానికే ఆ పరీక్ష చేయండి. అందులో ఎరుపు వస్తే చక్కెరో, విడి ఫ్రక్టోజో మిగిలిందన్నమాట. ఇన్యులిన్ విషయం డయాలిసిస్‌లో బయటపడుతుంది: దాని చిన్న గొలుసులు సంచిలోంచి జారిపోతాయి, పెద్ద అణువుల లెవాన్ లోపలే ఉండిపోతుంది. శుద్ధికి ముందు, తర్వాత పొడి తూకాలు సరిచూస్తే ఎంత పోయిందో తెలుస్తుంది.

పొర వేయడానికి 100 మిల్లీలీటర్ల నీళ్లు, 8 గ్రాముల లెవాన్, 2 గ్రాముల గ్లిజరిన్‌తో మొదలుపెట్టండి. నీళ్లను 40 డిగ్రీల వరకు వేడి చేసి, సుడి తిరుగుతుండగా పొడిని కొద్దికొద్దిగా చల్లాలి. కుప్పగా పోస్తే ఉండలు కట్టి, పైపొర జిగురుగా మారి లోపలి పొడి తడవకుండా ఉండిపోతుంది. ద్రావణం కొంచెం పాలరంగులో ఉండటం మామూలే, లోపం కాదు. బుడగలు పోయేదాకా కదపకుండా ఉంచి, 9 సెంటీమీటర్ల పళ్లెంలో 15 మిల్లీలీటర్లు పోసి 40 డిగ్రీల దగ్గర ఆరబెడితే 0.15 నుంచి 0.2 మిల్లీమీటర్ల పొర వస్తుంది. గాజు పళ్లెం వద్దు, లెవాన్ గాజును గట్టిగా పట్టుకుంటుంది. టెఫ్లాన్ గానీ సిలికోన్ గానీ వాడండి. గ్లిజరిన్ లేకుండా వేసిన పొర పెళుసుగా పగులుతుంది, మరీ ఎక్కువైతే చేతికి అంటుకుంటుంది. తడి తగిలే చోట ఈ పొర పనికిరాదు, నీళ్లలో కరిగిపోతుంది.

ఆమ్లం దీనికి పెద్ద శత్రువు. ఫ్రక్టోజ్ గొలుసుల బంధాలు ఆమ్లంలో, అందులోనూ వేడి తోడైతే, త్వరగా తెగిపోతాయి. సిట్రిక్ ఆమ్లం వేసిన తయారీని మరగబెట్టకండి. నిల్వలో ద్రావణం తియ్యబడి, విడి చక్కెరను పట్టే బెనెడిక్ట్ పరీక్షలో ఇటుక రంగు రావడం మొదలైతే గొలుసులు తెగుతున్నట్టే. పొడి చెమ్మను పీల్చుకుంటుంది కాబట్టి గాలి చొరబడని సీసాలో సిలికా జెల్ సంచితో పాటు ఉంచాలి.

గాయాల మీద, శరీరం లోపల వాడే తయారీలకైతే పై పరీక్షలు చాలవు. హాలోమోనాస్ గ్రామ్ నెగటివ్ (కణానికి బయటి పొర ఉండే రకం) బ్యాక్టీరియా కాబట్టి దాని కణకవచం నుంచి ఎండోటాక్సిన్ (జ్వరం, వాపు తెప్పించే పదార్థం) సరుకులోకి రావచ్చు. ఎండోటాక్సిన్ పరీక్ష ఫలితం బ్యాచ్ నంబరుతో సహా కాగితం మీద లేని పొడిని ఆ పనికి ముట్టుకోకూడదు.

చిక్కదనమే కావాలంటే ఉప్పు జీవుల్లోనే వేరేవి చూడండి. మొరాకో ఉప్పునేలల్లో దొరికిన హాలోమోనాస్ మౌరా ఇచ్చే మౌరాన్ చిక్కదనంలో జాంథన్‌తో పోటీపడుతుంది. సల్ఫేట్, యూరోనిక్ ఆమ్లాలు ఉండటంతో సీసం లాంటి లోహాలనూ పట్టుకుంటుంది. స్పెయిన్‌లోని సాంటా పోలా ఉప్పు మడుల నుంచి వచ్చిన హాలోఫెరాక్స్ మెడిటెరానై గమ్ ఉప్పులోనూ, వేడిలోనూ చిక్కదనం నిలుపుకుంటుంది. అయితే ఇది బ్యాక్టీరియా కాదు, ఆర్కియా (బ్యాక్టీరియాకు వేరైన మరో సూక్ష్మజీవుల వర్గం). ఉప్పు తగ్గితే దీని కణాలు పగిలిపోతాయి. కణాలు తీయకముందే ద్రవాన్ని మంచినీళ్లతో పల్చన చేస్తే లోపలి డీఎన్ఏ, ప్రొటీన్ గమ్‌లో కలిసిపోతాయి. డీఎన్ఏ తీగలు సాగి చిక్కదనం ఉన్నట్టు భ్రమ కలిగిస్తుంది. డీఎన్ఏ, ప్రొటీన్ కాంతిని పీల్చుకునే 260, 280 నానోమీటర్ల దగ్గర స్పెక్ట్రోఫోటోమీటరులో చూడండి. శుద్ధమైన పాలీశాకరైడ్ (చక్కెరల గొలుసు) అక్కడ కాంతిని దాదాపు పీల్చుకోదు, కాబట్టి అక్కడ శిఖరం కనిపిస్తే మీరు కొన్నది అచ్చంగా గమ్ కాదు.